అత్తగారికి నేర్పిన జవాబు

రెండో పూట కూడా అత్తగారు కంచం ముట్టలేదు.

కోడలు పొద్దున్నే లేచి వండింది. కంచంలో వడ్డించి, మూత పెట్టి, ఆవిడ మంచం పక్కన స్టూలు మీద ఉంచింది. యూనిఫాం తొడుక్కుని, బెల్టు బిగించుకుంటూ వచ్చి చూస్తే మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. అత్తగారు వీధి గుమ్మం వైపు తిరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా కూర్చుని ఉంది.

"చల్లారిపోతోంది అత్తయ్యా," అంది కోడలు.

ఆవిడ తల కూడా తిప్పలేదు.

మామూలుగా అయితే ఆవిడ నోటికి తీరికుండదు. పాలు పొంగినా, పిల్లి దూరినా, పక్కింటావిడ బట్టలు సరిగ్గా పిండకుండా ఆరేసినా ఆవిడకి ఏదో ఒక మాట ఉండేది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆ నోరు మూతపడింది. ఇల్లు ఇల్లులా లేదు.

మూతపడక ఏం చేస్తుంది? నిన్న కోడలు ఆవిణ్ణి లోపల ఉంచి, వీధి తలుపుకి బయట తాళం వేసి డ్యూటీకి వెళ్ళిపోయింది. కొడుకు పని నుంచి ఇంటికొచ్చేసరికి తల్లి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఇరుగుపొరుగు ఆ కిటికీ ముందు గుమిగూడి తలా ఒక ప్రశ్న వేస్తున్నారు. ఆవిడ ఒక్కదానికీ జవాబు చెప్పడం లేదు.

తాళం వెయ్యమన్నది ఇన్‌స్పెక్టర్ గారు. కోడలు పని చేసేది ఊళ్ళో పోలీస్ స్టేషన్‌లోనే. హెడ్ కానిస్టేబుల్. అక్కడ చిన్నా పెద్దా అందరికీ ఆమె హెడ్డమ్మే. దేశాన్నేలే పెద్దాయన ఈ ఊరికి కొత్త గని ప్రారంభించడానికి వస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచి అత్తగారిది ఒకటే పాట. ఆయన్ని కలవాలి, ఒక్క సంగతి అడగాలి. ఇంట్లో అడిగి అడిగి విసిగిపోయి, ఏకంగా స్టేషన్‌కే వెళ్ళి, ఎక్కడ నిలబడితే ఆయనకి కనబడతానో చెప్పమని గేటు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ని అడిగింది. ఆ మాట పెద్ద గదిదాకా పాకడానికి ఎంతసేపు పడుతుంది? ఇన్‌స్పెక్టర్ గారు హెడ్డమ్మని పిలిచి, పెద్దాయన వచ్చి వెళ్ళేదాకా మీ అత్తగారు గడప దాటకూడదన్నారు.

ఆవిడ అడగబోయేది ఏమిటో ఊళ్ళో అందరికీ తెలుసు. పాత గనిలోకి నీళ్ళు జొరబడిన రోజు ఆవిడ రెండో కొడుకు లోపల ఉన్నాడు. ఇంట్లో వాణ్ణి చిన్నోడు అనేవాళ్ళు. వాడితో పాటు ఇంకొందరు. పంపులు పెట్టి కొన్నాళ్ళు నీళ్ళు తోడారు. ఆ తర్వాత ఇక లాభం లేదని గని మూతి మీద సిమెంటు పోసి మూసేశారు. అప్పట్లో పెద్దాయన ఇంకా ఎన్నికలకి నిలబడుతున్న మనిషి. ఊరొచ్చి, వేదిక మీద ఈవిడ రెండు చేతులూ పట్టుకుని, నీ కొడుకుని బయటికి తెచ్చి నీకు అప్పజెప్పే పూచీ నాది అన్నాడు. ఆ ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ఆయన గెలిచాడు. ఆవిడ ఎదురు చూస్తూ ఉండిపోయింది.

హెడ్డమ్మ టోపీ చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. భర్త టీ తాగుతున్నాడు. గనిలోకి దిగేవాళ్ళకి దీపాలిచ్చి, తిరిగొచ్చాక తీసుకునే గదిలో అతనిది పని. తమ్ముడికి ఆ రోజు దీపం తగిలించి పంపింది కూడా అతనే. ఆ సంగతి అతనెప్పుడూ ఎత్తడు, ఎవరూ అతని దగ్గర ఎత్తరు.

"ఇవాళ తాళం నన్ను వెయ్యమంటావా, నువ్వే వేస్తావా?" అన్నాడు, టీ గ్లాసులోకి చూస్తూ.

"నేను సరదాపడి వేశానంటారా?"

"మా అమ్మ ఎవరింట్లోనూ దొంగతనం చెయ్యలేదు."

"బందోబస్తుకి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారండీ. వాళ్ళకి ఆవిడెవరో తెలియదు. రోడ్డు మీదికి వెళ్ళిందంటే ముసలావిడని కూడా చూడకుండా ఈడ్చి పారేస్తారు. కాలో చెయ్యో విరిగితే రేపు చేసేదెవరు, మీరా నేనా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "వాళ్ళకి తెలియదు సరే. నీకు తెలుసుగా ఆవిడెవరో."

హెడ్డమ్మ టోపీ తల మీద పెట్టుకుంది. అతను ఈ రోజుకి సెలవు పెట్టానని, తల్లిని తనే చూసుకుంటానని గోడకి చెప్పినట్టు చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకోవడానికి కూడా నిలబడకుండా బయటికి నడిచింది.

*

ఊరు ఊరంతా పెళ్ళివారి రాకకి సిద్ధమవుతున్న ఇల్లులా ఉంది. ఏళ్ళ తరబడి గుంటలుగా ఉన్న రోడ్డు రాత్రికి రాత్రి నున్నబడింది. స్పీడ్ బ్రేకర్లు చెక్కేశారు. మురికి కాలవల మూతలు ఒక్కొక్కటే తెరిచి, లోపల టార్చి వేసి చూసి, మళ్ళీ ఎవరూ తెరవకుండా అతికించేస్తున్నారు. పెద్దాయన దారిలో ఉన్న పళ్ళ బండ్లని వెనక వీధికి తోలారు. వీధి కుక్కల్ని పట్టడానికి వల తెచ్చారు. కుక్కలు మాత్రం ముందే ఎవరో చెవిలో ఊదినట్టు స్టేషన్ వెనక ఆవరణలోకి వచ్చి పడుకున్నాయి.

జీపు నడిపే కానిస్టేబుల్‌కి స్టేషన్‌లో హారన్ అని పేరు. నోరు తెరిస్తే వీధి చివరికి వినబడుతుంది. నిన్న కాన్వాయ్ రిహార్సల్‌లో పెద్దాయన కూర్చునే సీట్లో బరువు కోసం వీణ్ణే కూర్చోబెట్టారట. వీడు ఊరికే కూర్చోకుండా అటూ ఇటూ చెయ్యి ఊపాడట. టీ కొట్టు ముసలాయన నిజమనుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడట. మిగతా రోజైతే హెడ్డమ్మ కడుపుబ్బ నవ్వేది. ఇవాళ నవ్వినట్టు పెదాలు కదిపింది.

"ఏం హెడ్డమ్మా, ఇంట్లో ఇంకా మాటల్లేవా?" అన్నాడు హారన్, వాడి గొంతుకి వీలైనంత మెల్లగా.

"బండి చూసి నడుపు," అంది.

ఆమెకి ఆ రోజు పాత గని గేటు దగ్గర డ్యూటీ వేశారు. కొత్త గనికి వెళ్ళాలంటే పాత గని మీదుగానే దారి. ఆ గేటు లోపల సిమెంటు పోసి మూసిన మూతి, దాని ముందు ఇళ్ళవాళ్ళు నాటుకున్న పేర్ల రాళ్ళు రోడ్డు మీదికి కనబడతాయి. అవి కనబడకూడదని పైనుంచి ఉత్తర్వు. ఆకుపచ్చ పరదాలు లారీలో వచ్చాయి. కర్రలు పాతించి, పరదాలు కట్టించి, గాలికి ఎగరకుండా చూసే పని హెడ్డమ్మది.

తాడు ముడి బిగుస్తున్నదో లేదో లాగి చూస్తుంటే ఆమెకి ఇంకో తాడు గుర్తొచ్చింది. నీళ్ళు జొరబడిన రోజు గని మూతి చుట్టూ పోలీసులు కట్టిన తాడు. ఒక చివర ఇన్‌స్పెక్టర్ గారు, ఇంకో చివర తను. అత్తగారు ఆ తాడుకి అవతల ఉంది. నన్ను వెళ్ళనియ్యి అమ్మాయ్, వాడికి చీకటంటే భయం అని మెడ పట్టుకుని వేలాడింది. తను వెళ్ళనివ్వలేదు. వెళ్ళనిచ్చినా ఆవిడ చెయ్యగలిగింది ఏమీ లేదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఆ తర్వాత అత్తగారు ఆ సంగతి ఒక్కనాడూ దెప్పలేదు. దెప్పి ఉంటే ఈపాటికి ఆ బరువు ఎంతో కొంత తగ్గేదేమో.

మధ్యాహ్నం వైర్లెస్‌లో పిలుపొచ్చింది. హెడ్డమ్మని ఉన్నపళంగా స్టేషన్‌కి రమ్మన్నారు. అత్తగారు గోడ దూకి పారిపోయిందేమోనని దారి పొడుగునా ఆమె ప్రతి సందులోకీ చూసుకుంటూ వెళ్ళింది.

"కూర్చోమ్మా," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

ఆయన ఎప్పుడూ ఎవర్నీ కూర్చోమనరు. ఆమెకి ఇంకా కంగారు ఎక్కువైంది.

రాజధాని నుంచి ఏర్పాట్లు చూడడానికి వచ్చిన ఆఫీసరు పాత ఫొటో ఒకటి పట్టుకొచ్చాడట. పెద్దాయన అత్తగారి చేతులు పట్టుకున్న ఫొటో. ఇప్పుడు కొత్త గని దగ్గర అదే మనిషి చేతులు మళ్ళీ పట్టుకుంటే ఎంత బాగుంటుందో అని ఆ ఆఫీసరుకి తోచింది. తోచడమేమిటి, ఖాయం చేసేశాడు. నిన్న గడప దాటకూడదన్న మనిషిని ఎల్లుండి వేదిక కింద మొదటి వరసలో నిలబెట్టాలి.

"ఆవిడ పూలగుత్తి ఇవ్వాలి. ఎలా ఉన్నారమ్మా అని ఆయన అడిగితే, బాగున్నాను బాబూ అనాలి. పక్కకి జరగాలి. అంతే," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. "నువ్వు యూనిఫాం లేకుండా తోడొచ్చినట్టు పక్కనే ఉండు."

"ఎదురుపడితే అడక్కుండా ఊరుకునే మనిషి కాదు సార్."

"నేర్పిన మాట తప్ప ఇంకేమీ అనదని నేను మాటిచ్చాను. నిన్ను చూసుకుని ఇచ్చాను."

ఫ్యాను కిందికి వచ్చి ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టుకున్నారు. నుదుటి మీద టోపీ అంచు ఎర్రగా గీత పడి ఉంది. ఆయనకీ ఈ వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు.

"చూడమ్మా, ఆ రోజు తాడు పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకేం సంతోషమనుకోకు. కానీ అంతమంది కెమెరాల ముందు ఆవిడ నోరు జారిందంటే నన్ను ఏ మూలకో విసిరేస్తారు. నిన్ను ఇంటికి పంపిస్తారు. బెదిరించడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. రేపు పొద్దున గెస్ట్ హౌస్‌లో ఆఫీసరు ఒకసారి చేయించి చూస్తారట. తీసుకురా."

*

ఇంటికెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. అత్తగారు కూర్చున్న చోటు మారలేదు. భర్త అరుగు మీద ఊరికే ఒక పాత కుర్చీకి మేకులు కొడుతున్నాడు. మధ్యాహ్నం కూడా తినలేదని, తను బతిమాలి బతిమాలి వదిలేశానని తల ఎత్తకుండానే చెప్పాడు.

హెడ్డమ్మ బూట్లు విప్పి, అత్తగారి ముందు నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా. మిమ్మల్ని పెద్దాయన్ని కలవడానికి తీసుకురమ్మన్నారు."

ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది.

"ఆయనే అడిగాడా నన్ను?"

ఇక్కడే హెడ్డమ్మ తడబడింది. అడిగింది ఆయన కాదనీ, ఎవరో ఆఫీసరుకి ఫొటో నచ్చిందనీ చెప్పడానికి నోరు రాలేదు. "వాళ్ళ ఆఫీసులో మీ ఫొటో ఉందట," అని మాత్రం అంది.

"చూశావురా పెద్దోడా," అంది అత్తగారు గుమ్మం వైపు. "గుర్తుంది ఆయనకి. నేను చెబుతూనే ఉన్నాను కదా."

ఆవిడ అప్పుడు కంచం అడిగింది. కోడలు పొద్దుటిది తీసేసి వేడిగా వడ్డించి తెచ్చింది. మూడు పూటల ఆకలి మీద ఆవిడ గబగబా తింటూ, మధ్య మధ్య చెయ్యి ఆపి, ఎలా అడగాలో చెప్పుకుంటూ పోయింది. గట్టిగా అడగననీ, నిష్ఠూరం ఆడననీ, ఆయన ఎన్నో పనుల్లో మర్చిపోయి ఉంటాడు కాబట్టి గుర్తు మాత్రం చేస్తాననీ. బాబూ, మా చిన్నోడు ఇంకా లోపలే ఉన్నాడు అంటాను, అంతే కదా, అంతకంటే ఏముంది అంది.

అసలు సంగతి చెప్పాలి. ముందు తిననియ్యి, తర్వాత చెబుదాం అనుకుంది హెడ్డమ్మ. కానీ ఆ అవకాశం భర్త ఇవ్వలేదు. సుత్తి పక్కన పడేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఊరికే పిలవరు. ఏం చెయ్యమన్నారు?"

"తర్వాత మాట్లాడదామండీ."

"ఇప్పుడే చెప్పు. ఆవిడకీ తెలియాలిగా."

చెప్పక తప్పలేదు. ఏ మాట అనాలో, ఏ మాట అనకూడదో, పక్కన తనెందుకు ఉంటుందో అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ కంచం అంచు వైపే చూసింది కానీ అత్తగారి ముఖం వైపు చూడలేకపోయింది.

"అయితే మా అమ్మని బొమ్మని చేసి నిలబెడతావన్న మాట," అన్నాడు భర్త. "ముసుగేసి కట్టేసినా ఇంతకంటే నయం. వెళ్తే అడుగుతుంది. అడక్కూడదంటే రాదు. వెళ్ళి అదే చెప్పు మీ వాళ్ళకి."

"నువ్వుండరా," అంది అత్తగారు.

ఆవిడ తినడం ఆపేసింది. కోడలి వైపే చూస్తోంది. కోపంగా కాదు. బజారులో చిల్లర సరిగ్గా ఇచ్చాడా అని కొట్టువాడి ముఖంలోకి చూసినట్టు చూసింది.

"అడిగితే నీ ఉద్యోగం పోతుందా?"

లేదు అన్న మాట హెడ్డమ్మ నాలుక చివర దాకా వచ్చింది. లేదంటే ఆవిడ అడుగుతుంది. అడిగితే ఏం జరుగుతుందో జరగనీ అనుకునే ధైర్యం ఉంటే, ఆ మాట అనేసేది. ఇంటి అద్దె, స్కూలు హాస్టల్లో ఉన్న పిల్ల, తను ఎండలో వానలో నిలబడి సంపాదించుకున్న యూనిఫాం మీది చారలు అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"పోతుంది అత్తయ్యా."

భర్త బయటికి వెళ్ళిపోయాడు. అత్తగారు లేచి, చెయ్యి కడుక్కుని, పైటకి తుడుచుకుంది.

"అయితే అడగనులే," అంది.

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టినా బాగుండేది. హెడ్డమ్మ ఎంగిలి కంచం పట్టుకుని అక్కడే చాలాసేపు కూర్చుండిపోయింది. కాసేపటికి ఆవిడే పెట్టె తెరిచి, ఉతికి మడిచిన బట్టలు బయటికి తీసి, ఏవి బాగుంటాయో చెప్పమంది. ఆ తర్వాత మంచం మీద ఎదురుగా కూర్చుని, ఏమనాలో ఒకసారి చెప్పు, మర్చిపోతానేమో అంది.

"బాగున్నాను బాబూ, అనండి."

"బాగున్నాను బాబూ."

"ఇంకాస్త గట్టిగా. అక్కడ గోలగా ఉంటుంది."

"బాగున్నాను బాబూ," అంది ఆవిడ, పాఠం అప్పజెప్పినట్టు. చెప్పి, సరిగ్గా వచ్చిందా అని కోడలి ముఖంలోకి చూసింది. హెడ్డమ్మ తల ఊపింది.

పడుకోబోయే ముందు భర్త ఒక్కటే మాట అన్నాడు. "ఆవిడ నీకోసం మానుకుంది. నాకోసం కాదు, వాడికోసం కూడా కాదు. అది గుర్తుంచుకో చాలు." అని అటు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని ఊపిరిని బట్టి తెలుస్తూనే ఉంది.

*

గెస్ట్ హౌస్ హాల్లో కుర్చీలన్నీ గోడవారకి జరిపేశారు. నేల మీద తెల్ల టేపుతో గుర్తులు అంటించారు. పెద్దాయన నడిచే దారి ఒక వైపు, జనం నిలబడే వరస ఇంకో వైపు. అత్తగారు నిలబడాల్సిన చోట చిన్న గడి గీశారు. కదిలినా, కూర్చున్నా ఆ గడిలోంచి పక్కకి పోకూడదని ఒకతను చెప్పాడు. వెంటనే తప్పు దిద్దుకుని, అసలు కూర్చోనే కూడదన్నాడు.

రాజధాని ఆఫీసరు సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. అత్తగారిని అమ్మగారూ అన్నాడు, ప్రయాణం కష్టమైందా అన్నాడు. ఇల్లు ఇదే ఊళ్ళో అని ఇన్‌స్పెక్టర్ గారు నసిగారు. పూలగుత్తి ఇంకా రాలేదని హారన్ ఒక మంచినీళ్ళ సీసా తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాడు. ఇది పెద్దాయనకిచ్చేస్తే నాకు దాహమేస్తుందమ్మా, మళ్ళీ తీసుకోండి అన్నాడు. ఆ ఉక్కపోతలో ఆ మాటకి నలుగురు నవ్వారు. అత్తగారు కూడా కొంచెం నవ్వింది.

ఆఫీసరే పెద్దాయనయ్యాడు. అవతల గుమ్మం దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చి, గడి ముందు ఆగి, అత్తగారి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. అచ్చం ఫొటోలో ఉన్నట్టే.

"ఎలా ఉన్నారమ్మా?"

"బాగున్నాను బాబూ," అంది అత్తగారు. సీసా ఇచ్చింది. పక్కకి జరిగింది. ఒక్క పొల్లు పోలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు వారం రోజుల ఊపిరి ఒక్కసారి వదిలారు. హెడ్డమ్మ కూడా వదిలింది. అయిపోయింది, రేపు కూడా ఇలాగే అయిపోతుంది అనుకుంది.

"చాలా బాగుంది," అన్నాడు ఆఫీసరు. "కానీ పెద్దాయన ఒక్క ప్రశ్నతో వదలరు. ఆయన పద్ధతి మాకు తెలుసు. రెండోది కూడా చూసుకుందాం." మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ చేతులు పట్టుకున్నాడు.

"ఎలా ఉన్నారమ్మా?"

"బాగున్నాను బాబూ."

"మీ చిన్నబ్బాయి ఎలా ఉన్నాడు?"

అత్తగారు అతని చేతుల్లో చేతులుంచి అలాగే నిలబడింది.

"బాగున్నాడు, అంతా మీ దయ. అలా అనండి," అన్నాడు ఆఫీసరు మృదువుగా. ఆవిడకి వినబడలేదేమోనని ఇంకాస్త వంగాడు. "గనిలోంచి క్షేమంగా బయటపడ్డ మీ అబ్బాయి గురించే. కంపెనీవాళ్ళు అంతా చెప్పారు. అతనికి అక్కడే ఉద్యోగం కూడా ఇచ్చారు కదా. రేపు పెద్దాయన ఉపన్యాసంలో కూడా ఆ మాట ఉంది."

ఎవరో చిన్నోణ్ణీ, పెద్దోణ్ణీ కలిపి ఒకణ్ణి చేశారు. దీపాలిచ్చే గదిలో పని చేస్తున్నవాడి ఉద్యోగం తీసి, లోపల ఉండిపోయినవాడి పేరున రాశారు. పొరపాటున చేశారో, కావాలనే చేశారో హెడ్డమ్మకి తెలియలేదు. ఇన్‌స్పెక్టర్ గారి వైపు చూసింది. ఆయన ముఖంలో రక్తం లేదు. ఆయనకీ ఈ సంగతి తెలియదు. అయినా ఆయన కళ్ళతో సైగ చేశారు. ఒక్క మాటేగా, అనిపించెయ్యమ్మా అని ఆ సైగ.

అత్తగారు తల తిప్పి కోడల్ని చూసింది.

"ఏం చెప్పమంటావే అమ్మాయ్?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. నిన్న ఒక జవాబు నేర్పిన మనిషి ఇవాళ ఇంకోటి నేర్పుతుందని ఎదురు చూస్తోంది. నేర్పితే అంటుంది కూడా. బాగున్నాడు బాబూ అని, ఇంకాస్త గట్టిగా, గోలలో వినబడేట్టు అంటుంది. హెడ్డమ్మకి అది స్పష్టంగా తెలిసింది.

"లేడు సార్," అంది.

ఆఫీసరు ఇటు తిరిగాడు. ఆమె అక్కడ ఉన్నట్టు అప్పుడే గమనించినట్టున్నాడు.

"చిన్నబ్బాయి బయటికి రాలేదు సార్. లోపలే పోయాడు. గని మూసేశారు. శవాన్ని కూడా తియ్యలేదు. ఉద్యోగం చేస్తున్నది పెద్దబ్బాయి. ఆయన ఉద్యోగం ముందు నుంచీ ఉన్నదే, ఎవరూ ఇచ్చింది కాదు."

ఆఫీసరు అత్తగారి చేతులు వదిలేశాడు. "మీరెవరు?"

"ఈవిడ కోడల్ని."

"మా హెడ్ కానిస్టేబులే సార్," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. ఎంత మెల్లగా అన్నారంటే, ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చిందని నమ్మడం కష్టం.

ఆఫీసరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ముఖంలో మెత్తదనం ఎక్కడికి పోయిందో పోయింది. హాల్లో ఉన్న మిగతావాళ్ళని బయటికి వెళ్ళమన్నాడు. హారన్ అత్తగారి వైపు ఒకసారి చూసి, నోరు విప్పకుండా వెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ గారు కదలబోయేసరికి, మీరు ఉండండి అన్నాడు. తలుపు మూసుకుంది.

"ఊరంతటికీ తెలిసిన సంగతి. మీ స్టేషన్‌కి తెలుసు. ఈవిడ ఇంట్లోనే ఉన్న మీకు తెలుసు," అన్నాడు హెడ్డమ్మతో. గొంతు ఇప్పుడు కూడా పెంచలేదు. "రెండు రోజులుగా మేము ఇక్కడే ఉన్నాం. ఒక్కరూ మాతో చెప్పలేదు. రేపు ఆయన అన్ని కెమెరాల ముందు ఈ ప్రశ్న అడిగి ఉంటే? ఎవరు దాచమన్నారు మిమ్మల్ని? ఆలోచించుకుని చెప్పండి. మీ జవాబు మీద చాలా ఆధారపడి ఉంది."

హెడ్డమ్మ ఇన్‌స్పెక్టర్ గారి వైపు చూడలేదు. చూస్తే అదే జవాబవుతుంది. ఏమీ అనకపోతే ఆ తప్పు తన ఒక్కదాని నెత్తినే పడుతుంది. చేతులు రెండూ పక్కలకి బిగించి, యూనిఫాంలో ఉన్నట్టు నిటారుగా నిలబడింది.

అప్పుడు ఈడ్చిన చప్పుడైంది. అత్తగారు తెల్ల టేపు గడిలోంచి బయటికి వచ్చి, గోడవార ఉన్న కుర్చీ ఒకటి లాక్కొచ్చి, హాలు నడిమధ్యన వేసుకుని కూర్చుంది. పైట సర్దుకుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది.

"దాన్ని ఎందుకయ్యా అడుగుతావు?" అంది. "కొడుకు నా కొడుకు. నన్ను అడుగు."

ఆఫీసరు నిలబడే ఉన్నాడు.